కొరియాలో రోహిణి నక్షత్రం

కొరియా వెళ్లి మూడు నెలలు ఉండి వచ్చామని తెలిసిన దగ్గర్నుంచి చుట్టాలు అడుగుతున్నది తిండి గురించి, చలి గురించి. మన సంఘం మిత్రులు మాత్రం వేరే ప్రశ్న వేస్తున్నారు. "అంత టెక్నాలజీ ఉన్న దేశం కదా, అక్కడ ఈ జాతకాలూ ముహూర్తాలూ ఉండవేమో?" అని. ఉన్నాయండీ. మనకంటే పద్ధతిగా ఉన్నాయి. వాటి గురించే రాద్దామని కూర్చున్నాను గానీ, మనం ఇక్కణ్ణుంచి మోసుకెళ్లిన సరుకు సంగతి కూడా చెప్పకపోతే లెక్క తేలదు.

ముందు మా సంగతి. నేను రక్షణ లెక్కల శాఖలో పనిచేసి రిటైరయ్యాను. బీకాం చదివినవాణ్ణి, ఖగోళశాస్త్రం చదివినవాణ్ణి కాదు. ఉద్యోగరీత్యా పోర్ట్ బ్లెయిర్ వచ్చి ఇక్కడే స్థిరపడిపోయాం. (2024 సెప్టెంబరులో ఊరి పేరు శ్రీ విజయపురం అని మార్చారు. అప్పటికి మేం కొరియాలో ఉన్నాం. ఒక ఊరి నుంచి బయల్దేరి ఇంకో ఊరికి తిరిగొచ్చిన వాళ్లం మేమే అయ్యుంటాం!) తెలుగువాళ్లకు ఈ దీవులు పరాయి చోటేమీ కాదు. 2011 జనాభా లెక్కల్లో ఇక్కడ వందకు పదముగ్గురు మాతృభాష తెలుగు అని రాయించుకున్నారు. ఎక్కువమంది శ్రీకాకుళం, విశాఖ వైపు వాళ్లు. విశాఖ నుంచి ఓడలో మనుషులతో పాటు పంచాంగమూ దిగింది.

పంచాంగం అంటే గుర్తొచ్చింది. పోర్ట్ బ్లెయిర్ దాదాపు 92.7 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. మన దేశపు గడియారం 82.5 డిగ్రీల లెక్కన నడుస్తుంది. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున సూర్యుడు మాకు గడియారం కంటే సుమారు 41 నిమిషాలు ముందు నడుస్తాడు. చలికాలంలో సాయంత్రం అయిదున్నరకల్లా చీకటి పడిపోతుంది. అయినా మా బజార్లో తెలుగు దుకాణదారు గోడకు ఉన్న ఆంధ్రా క్యాలెండర్ చూసి సోమవారం ఏడున్నర నుంచి తొమ్మిది దాకా రాహుకాలం అని కొత్త ఖాతా తెరవడు. సూర్యుడు స్థానిక కాలం పాటిస్తాడు, రాహువు మాత్రం కేంద్ర ప్రభుత్వ ఉద్యోగిలా భారత ప్రామాణిక కాలం పాటిస్తాడు. ఈ మాట నేను చాలాసార్లు అన్నాను, ఎవరూ నవ్వలేదు.

సరే, అసలు విషయానికొస్తాను. మా అమ్మాయీ అల్లుడూ సియోల్‌కి దక్షిణంగా ఉన్న సువోన్ నగరంలో ఉంటారు. అల్లుడు ఇంజనీరు. అమ్మాయికి 2024 సెప్టెంబరులో పురుడు. 90 రోజుల వీసా తీసుకుని ఆగస్టు చివర్లో నేనూ మా ఆవిడా బయల్దేరాం. మ్యాపులో చూస్తే కొరియా మాకు తూర్పున, పైకి ఉంటుంది. ప్రయాణం మాత్రం ముందు పడమటికి, చెన్నై వెళ్లి, అక్కణ్ణుంచి ఢిల్లీ వెళ్లి, అప్పుడు వెనక్కి తిరిగి ఇంచియాన్ వెళ్లాలి. మా అబ్బాయి ఇంటికి కాపలాగా పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉండిపోయాడు.

వెళ్లిన మొదటి వారంలోనే ఫాను సంగతి తెలిసింది. తలుపులు, కిటికీలు మూసిన గదిలో రాత్రంతా ఫాను తిరిగితే మనిషి చచ్చిపోతాడని కొరియాలో పాత నమ్మకం. అందుకే అక్కడ ఫాన్లకు టైమరు బిగిస్తారట. కుర్రవాళ్లు ఇప్పుడు దీన్ని చెప్పుకుని నవ్వుకుంటున్నారు గానీ 2006లో అక్కడి వినియోగదారుల సంరక్షణ సంస్థే వేసవి ప్రమాదాల జాబితాలో దీన్ని చేర్చి హెచ్చరిక ఇచ్చింది. ఫాను లేకుండా ఏ ఒక్కరూ నిద్రపోని మా దీవులు ఆ లెక్కన ఎప్పుడో నిర్మానుష్యం కావాలి. లిఫ్టులో నాలుగో అంతస్తుకు 4 బదులు 'ఎఫ్' అనే అక్షరం ఉంటుంది చాలాచోట్ల. నాలుగు అనే మాట, చావు అనే మాట అక్కడ ఒకేలా పలుకుతాయి.

పురుడు విషయానికొస్తే మా ఆవిడకు కొరియా అచ్చం శ్రీకాకుళంలా కనిపించింది. బాలింత చన్నీళ్లు తాగకూడదు, గాలి తగలనివ్వకూడదు, తగిలితే ముసలితనంలో కీళ్లు పట్టేస్తాయి. ఆ జబ్బుకు 'సాన్హుపుంగ్' అని పేరు కూడా ఉంది. మన వాళ్లు చెవుల్లో దూది పెడతారు, వాళ్లు మేజోళ్లు తొడుగుతారు. మన కారప్పొడి, వెల్లుల్లి పథ్యం స్థానంలో అక్కడ 'మియొక్ గుక్' అనే సముద్రపు నాచు పులుసు పూటపూటా పోస్తారు. పూర్వం బిడ్డ పుట్టిన ఇంటి గుమ్మానికి గడ్డితాడు కట్టేవారట. మగపిల్లాడైతే దానికి ఎర్ర మిరపకాయలు గుచ్చేవారు, ఆడపిల్లయితే బొగ్గులు, దేవదారు కొమ్మలు. ఆ తాడు ఉన్న 21 రోజులూ బయటివాళ్లు లోపలికి రాకూడదు. 21 అనగానే మా ఆవిడ "చూశారా, మన బారసాల రోజే!" అంది. ఆవిడ దృష్టిలో అది రుజువు. నా దృష్టిలో, క్రిములంటే ఏమిటో తెలియని కాలంలో రెండు ఊళ్లవాళ్లూ బాలింత చుట్టూ జనం చేరకపోతే మంచిదని గమనించి ఉంటారు. ఎన్ని రోజులు అన్నదానికి ఎవరికి వాళ్లు ఒక అంకె వేసుకున్నారు.

ఇప్పుడు ఆ తాడు పోయి 'జొరివోన్' అనే బాలింతల విశ్రాంతి గృహాలు వచ్చాయి. పురుడయ్యాక తల్లీబిడ్డా రెండు వారాలు అక్కడ ఉంటారు. మన డబ్బుల్లో లక్షన్నర పైమాటే. మా అమ్మాయి చేరినచోట భర్తకు తప్ప ఎవరికీ ప్రవేశం లేదు. తాతా అమ్మమ్మా అయినా సరే, అద్దం ఇవతలే. ఇంత దూరం వచ్చి మనవణ్ణి అద్దంలోంచి చూడాలా అని మా ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుంది. నాకూ కష్టంగానే ఉంది. కానీ నియమం ఎందుకో అడిగితే నర్సు చెప్పింది: పసిపిల్లలంతా ఒకే గదిలో ఉంటారు, ఒకరి జలుబు పదిమందికి అంటుకుంటుంది. మేం నోరు మూసుకుని అద్దం దగ్గర నిలబడ్డాం.

పిల్లాడు పుట్టిన రెండో రోజున శ్రీకాకుళం నుంచి వియ్యంకుడుగారి ఫోను. "బావగారూ, పిల్లాడిది రోహిణి. మేనమామకు గండం. శాంతి జరిగేదాకా మీ అబ్బాయికి బిడ్డను చూపించొద్దు."

ఈ సంప్రదాయం చాలామందికి తెలిసే ఉంటుంది. రోహిణిలో మగపిల్లాడు పుడితే మేనమామ నేరుగా చూడకూడదు. శాంతి చేయించి, పళ్లెంలో నూనె పోసి, అందులో బిడ్డ ముఖం నీడ చూశాకే బిడ్డను చూడాలి. కారణం అడిగితే కృష్ణుడు పుట్టింది రోహిణిలో, మేనమామ కంసుడు చచ్చాడు కదా అంటారు. కంసుడు చచ్చింది మేనల్లుడి నక్షత్రం వల్ల కాదండీ, కంసుడు చేసిన పనుల వల్ల. ఆ కథ చెప్పేవాళ్లే ఆ సంగతి మరిచిపోతారు.

మా అబ్బాయి ఉన్నది వేల కిలోమీటర్ల దూరంలో, పోర్ట్ బ్లెయిర్‌లో. మరి వీడియో కాల్ సంగతేమిటి? ఫోను తెర నూనె పళ్లెం పద్దు కిందికొస్తుందా, నేరుగా చూడటం పద్దు కిందికొస్తుందా? నేను వెటకారంగా అన్నాను. వియ్యంకుడుగారు మాత్రం నిజంగానే సిద్ధాంతిగారిని అడిగి చెప్పారు, నేరుగా చూడటమేనట.

ఇక్కడ నవ్వు ఆగిపోయింది. జొరివోన్ నుంచి ఇంటికొచ్చిన సాయంత్రం అబ్బాయి ఫోను చేశాడు. అమ్మాయి తమ్ముడితో మాట్లాడుతూ మాట్లాడుతూ ఫోనును పైకప్పు వైపు తిప్పేసింది. వాడు "అక్కా, వాణ్ణి చూపించవే" అంటాడు, ఇది "పడుకున్నాడురా" అంటుంది. పక్కన పిల్లాడు కేరుమంటున్నాడు, ఆ ఏడుపు వాడికీ వినిపిస్తోంది. మూడు రోజులు ఇలాగే జరిగింది. నాలుగో రోజు వాడు ఫోను చేయలేదు. మా ఇంట్లో వారఫలాలు చదవకుండా పెరిగిన పిల్ల, తమ్ముడి మీద ప్రాణం పెట్టుకున్న పిల్ల... అత్తగారింట్లో మాట పడటం ఇష్టం లేక, ఏమైనా అయితే ఆ మాట జీవితాంతం వినాల్సి వస్తుందన్న భయంతో అలా చేసింది. దాన్ని నేను తప్పు పట్టలేను. పచ్చి బాలింత.

దానికి తోడు ఇంకొకటి. మా అబ్బాయి అబర్డీన్ బజార్ దగ్గర వానలో స్కూటరు జారి పడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. ఈ సంగతి శ్రీకాకుళం చేరగానే "చూశారా" అన్నారు. కానీ తేదీలు చూడండి. వాడు పడింది పిల్లాడు పుట్టడానికి పదకొండు రోజుల ముందు! మా శాఖలో మంజూరు కంటే ముందు తేదీతో ఖర్చు కనిపిస్తే అక్కడే ఫైలు ఆపేస్తాం. ఇదే మాట చెబితే వియ్యంకుడుగారి సమాధానం: "కడుపులో ఉన్నప్పట్నుంచే ప్రభావం మొదలవుతుంది బావగారూ." చెయ్యి ముందు విరిగినా నక్షత్రమే, తర్వాత విరిగినా నక్షత్రమే. అసలు విరక్కపోతే? శాంతి చేయించాం కాబట్టి అంటారు. ఏ జవాబు వచ్చినా సరిపోయే లెక్క, లెక్క కాదు.

ఆ రోజుల్లోనే అల్లుడి ఆఫీసులో పనిచేసే కొరియన్ అమ్మాయి బిడ్డను చూడటానికి వచ్చింది. చదువుకున్నది, ఇంగ్లీషు బాగా మాట్లాడుతుంది. మతం ఏమిటని అడిగితే ఏమీ లేదంది. 2015 జనగణనలో కొరియా జనంలో సగం కంటే ఎక్కువ, 56 శాతం, మతం లేదని రాయించుకున్నారు. మన మిత్రులు ఈ అంకె చూసి సంతోషపడతారు. తొందరపడొద్దు. ఆ అమ్మాయే పిల్లాడికి పేరు పెట్టడానికి 'సాజు' చూపిస్తారా అని అడిగింది. సాజు అంటే పుట్టిన ఏడాది, నెల, రోజు, గంట పట్టి చెప్పే వాళ్ల జాతకం. పేర్లు పెట్టడానికి విడిగా దుకాణాలే ఉన్నాయి. మతం లేకపోవడం వేరు, హేతువాదం వేరు అని నాకు అక్కడ అర్థమైనంత బాగా మన సభల్లో ఎప్పుడూ అర్థం కాలేదు.

ఇల్లు మారడానికి కూడా వాళ్లకు మంచిరోజులు ఉన్నాయి. దిక్కుల్లో తిరిగే దుష్టశక్తి చాంద్రమాసం తేదీల్లో 9, 0తో ముగిసే రోజుల్లో సెలవు తీసుకుంటుందట. 9, 10, 19, 20, 29, 30. ఆ రోజుల్లో సామాను తరలించే కంపెనీలు ఎక్కువ రేటు తీసుకుంటాయి. నాకిది చాలా నచ్చింది. నమ్మకానికి ధర ఎంతో రేటు పట్టికలోనే తెలిసిపోతుంది. మా దగ్గర మూఢం వెళ్లగానే ఫంక్షన్ హాలు అద్దె పెరగడం లాంటిదే. నేనైతే 11వ తేదీన తక్కువ రేటుకు మారతాను, ఆ లాభాన్ని దుష్టశక్తి ఖాతాలో జమ చేస్తాను.

వెళ్లబోతూ ఆ అమ్మాయి ఒక మాట అంది. "సాజు చూపిస్తే పుట్టిన టైములో అరగంట తగ్గించమని చెప్పండి." ఎందుకంటే కొరియా గడియారం 135 డిగ్రీల రేఖాంశం మీద నడుస్తుంది, దేశం ఉన్నది 127 దగ్గర. 8 డిగ్రీల తేడా, 32 నిమిషాలు. పైగా 1954 నుంచి 1961 దాకా వాళ్లు గడియారాన్నే అరగంట వెనక్కి పెట్టుకున్నారు కాబట్టి అప్పుడు పుట్టినవాళ్లకు తగ్గించకూడదు. ఇవన్నీ అక్కడి జాతకాలవాళ్లు జాగ్రత్తగా చూసుకుంటారట. అచ్చం మా పోర్ట్ బ్లెయిర్ 41 నిమిషాల గొడవే. కూడికలు, తీసివేతలు అన్నీ సరిగ్గా ఉన్నాయి, వోచరు ఒక్కటే లేదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అల్లుడు శ్రీకాకుళం పంపిన సమాచారం ఏమిటి? ఆసుపత్రి కాగితం మీద ఉన్న టైము, తెల్లవారుజామున 2-10. అది కొరియా టైము. మనకంటే మూడున్నర గంటలు ముందు. అంటే మన గడియారంలో ముందురోజు రాత్రి 10-40. ఫోనులో పంచాంగం తెరిచి చూశాను. మన టైములో ఆ రాత్రి పదకొండు దాకా కృత్తిక, ఆ తర్వాత రోహిణి. సిద్ధాంతిగారు 2-10ని మన టైము అనుకుని చూశారు. చంద్రుడు ఒక నక్షత్రం దాటడానికి దాదాపు ఒక రోజు పడుతుంది కాబట్టి మూడున్నర గంటల తేడా మామూలుగా అయితే బయటపడేది కాదు. ఇది సరిగ్గా అంచు మీద పడింది. వాళ్ల శాస్త్రం ప్రకారమే పిల్లాడిది రోహిణి కాదు, కృత్తిక నాలుగో పాదం!

మా ఆవిడను లేపి చెప్పాను. ఆవిడ ఆనందం అంతా ఇంతా కాదు, అప్పుడే వియ్యపురాలికి ఫోను చేస్తానంది. రెండు రోజులు ఆగమన్నాను.

ఎందుకు ఆగమన్నానో ఆవిడకు ఇప్పటికీ కోపమే. నా ఆలోచన ఇది. తేదీ సవరించి దోషం తీసేస్తే, తేదీ సరైనదైతే దోషం ఉండేదని నేను సంతకం పెట్టినట్టే. మా మనవడు గీతకు ఇవతల పడ్డాడు కాబట్టి బయటపడ్డాడు. ఇరవై నిమిషాల తర్వాత పుట్టిన పిల్లాడి మాటేమిటి? వాడు మేనమామను చంపేవాడేనా? నేను లెక్కలవాణ్ణి, అంకె తప్పు దొరికితే చేతులు ఊరుకోవు. కానీ ఈ పద్దు అంకె తప్పు వల్ల చెల్లకుండా పోలేదు. ఆధారం లేక చెల్లదు.

"పోనీలెండి, ఎవరికి నష్టం, ఒక శాంతే కదా" అనేవాళ్లుంటారు. వాళ్లకు ఆ దేశం లెక్కే చూపిస్తాను. వాళ్లకూ మన ప్రభవ, విభవల్లాగే 60 ఏళ్ల చక్రం ఉంది. 1990 తెల్ల గుర్రం ఏడు. ఆ ఏడు పుట్టిన ఆడపిల్ల మొండిది, మొగుడికి అచ్చిరాదు అని నమ్మకం. ఆ ఏడాది కొరియాలో వందమంది ఆడపిల్లలకు 116 మందికి పైగా మగపిల్లలు పుట్టారు. ప్రకృతి సహజంగా ఇచ్చేది 105 ప్రాంతం. కొడుకే కావాలనే పిచ్చి, స్కానింగ్ మిషన్లు అప్పటికే ఉన్నాయి, దానికి గుర్రం తోడైంది. కడుపులోని బిడ్డ ఆడో మగో చెప్పకూడదని 1987లోనే చట్టం చేసుకున్న దేశంలో ఇది. జపాన్‌లో 1966 అగ్ని గుర్రం ఏడు. ఆ ఒక్క ఏడాది జననాలు నాలుగో వంతు తగ్గిపోయాయి. 60 కలిపితే 2026, మళ్లీ అదే గుర్రం. పుట్టకముందే బిడ్డ మీద నేరం రాయడం మొదలుపెడితే అది నూనె పళ్లెం దగ్గర ఆగుతుందని పూచీ ఎవరిస్తారు?

దివంగత జయంత్ నార్లికర్‌గారు పుణేలో జ్యోతిష్యులకు పెట్టిన పరీక్ష మన పాఠకులకు తెలిసిందే. తెలివైన పిల్లల జాతకాలు, మానసిక వైకల్యం ఉన్న పిల్లల జాతకాలు కలిపి ఇచ్చి ఏది ఏదో చెప్పమన్నారు. జవాబులు పంపిన 27 మంది సగటున 46 శాతం సరిగ్గా చెప్పారు. నాణెం ఎగరేస్తే 50. ఆ 27 మందిలో ఎవరూ టైము తప్పుగా వేసుకుని ఉండరు.

అయితే ఇదంతా మా అమ్మాయికి ఉపన్యాసంగా చెప్పలేదు. మర్నాడు పిల్లాణ్ణి ఒళ్లో పడుకోబెట్టుకుని కూర్చుంటే ఒక్కటే అడిగాను. "తమ్ముడి చెయ్యి విరిగింది ఎప్పుడమ్మా?" వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంది. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నాన్నా, వీడు పెద్దయ్యాక ఎవరో ఒకరు వీడికి చెబుతారు కదా, నువ్వు పుట్టినప్పుడు మీ మావయ్య నిన్ను చూడ్డానికి భయపడ్డాడని" అంది. నాకు ఆ కోణం తట్టనే లేదు.

ఆ సాయంత్రం తనే తమ్ముడికి ఫోను చేసింది. ఫోను ఈసారి పిల్లాడి ముఖం మీదే ఉంది. వాడు అటునుంచి కట్టు కట్టిన చెయ్యి పైకెత్తి "ఏరా, ఇది నీ పనేనటగా" అన్నాడు. పిల్లాడు ఆవలించాడు. అల్లుడు పక్కనే ఉన్నాడు, అడ్డు చెప్పలేదు.

రెండు రోజుల గడువు ముగియగానే మా ఆవిడ కృత్తిక సంగతి బయటపెట్టేసింది. అమ్మాయి నా వైపు తిరిగి "తెలిసి నాకు చెప్పలేదా?" అని నిలదీసింది. ఒక పూట మాట్లాడలేదు కూడా. ఆ తర్వాత తనే, "ముందే చెప్పి ఉంటే కృత్తిక పేరు చెప్పి చూపించేదాన్ని. రెండోవాడు నిజంగా రోహిణిలో పుడితే మళ్లీ మొదటికే వచ్చేది" అంది.

నవంబరు మూడో వారం... కాదు, 14వ తేదీ గురువారం, అక్కడి ఇంటర్ పిల్లల కాలేజీ ప్రవేశ పరీక్ష 'సునుంగ్'. ఇంగ్లీషు వినికిడి పరీక్ష జరిగే ఆ కాసేపూ దేశమంతా విమానాలు ఎగరవు, దిగవు. పిల్లలకు చప్పుడు వినిపించకూడదని. దీనికి వోచరు ఉంది. అదే రోజు ఏ ఇంట్లోనూ పరీక్ష రాసేవాడికి నాచు పులుసు పెట్టరు, జారుడు కాబట్టి మార్కులు జారిపోతాయని. మా అమ్మాయి మాత్రం ఆ మధ్యాహ్నం కూడా అదే పులుసు తాగింది. అప్పటికి దానికి అలవాటైపోయింది, రుచిగా ఉందంటుంది. నాకైతే మా ఊరి సముద్రం ఒడ్డున కాలికి తగిలే నాచే గుర్తొచ్చి సహించలేదు.

ఇక సిద్ధాంతిగారి సంగతి. టైము తేడా వియ్యంకుడుగారు ఆయనకు చెప్పారు. ఆయన ఏమాత్రం తడబడలేదు. అవును, కృత్తికే, గండం లేదు, అయితే కృత్తికకు కూడా సామాన్య శాంతి ఒకటి చేయించడం మంచిది అన్నారు. ఖర్చు మాత్రం రోహిణికి చెప్పిందే, 5,116 రూపాయలు. మా అల్లుడు సువోన్ నుంచి పంపేశాడు. ఎందుకయ్యా అంటే, "నాన్నగారు నిద్రపోవట్లేదు మామయ్యా" అన్నాడు. రోజువారీ ఖర్చుల పుస్తకం అక్కడ కూడా నేనే రాసేవాణ్ణి. వైద్యం కింద రాయాలా, దానధర్మాల కింద రాయాలా అని కాసేపు చూసి, ఇతరములు అనే పద్దు కింద రాశాను.